మొగలిదీవికి చెప్పని మాట

తుఫానుకి తిండి వేడినీళ్ళు. పశువు పచ్చిక ఉన్న వైపు నడిచినట్టు, సముద్రం పైనీళ్ళు ఎటు వెచ్చగా ఉంటే అది అటు మొగ్గుతుంది. ఈ ఒక్క ముక్కని పట్టుకుని నూకరత్నం తన వయసంతా ఖర్చుపెట్టింది. పెద్దదీవికి తూర్పున సముద్రంలో రెండు వందల పొడుగాటి గొట్టాలు తేలుతూ ఉంటాయి. కొండమీది ప్రయోగశాలలో ఆమె మీట నొక్కితే అవి అడుగునున్న చన్నీళ్ళని తోడి పైన పోస్తాయి. ఒక పక్క సముద్రం చల్లబడుతుంది, గాలి రెండో పక్కకి తల తిప్పుకుంటుంది. ప్రభుత్వ కాగితాల్లో ఈ ఏర్పాటు పేరు వేరే ఏదో ఉంది గాని, జనం గాలిపగ్గం అన్నారు. అదే నిలిచింది.

ఏడుదీవుల గణతంత్రంలో పుట్టినవాళ్ళకి గాలి అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళ ముత్తాతలు కొబ్బరితోటల్లో కూలికని శ్రీకాకుళం తీరం నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. వచ్చిన తొలి ఏడే సగం మంది తుఫానుకి పోయారని పెద్దలు చెప్పుకుంటారు. అందుకే గాలిపగ్గం పూర్తయిన రోజున పెద్దదీవిలోని రాజధాని రేవుపట్నం జనం దండలు పట్టుకుని కొండెక్కి వచ్చారు. ఆ ఏడే ప్రజాసభ రాజ్యాంగంలో ఒక కొత్త వాక్యం చేర్చింది. ఒక దీవిని తప్పించి గాలిని ఇంకో దీవి మీదికి పంపవలసి వస్తే, ఆ రెండో దీవివాళ్ళకి ముందుగా చెప్పాలి. వాళ్ళు మెరకకి చేరుకునే వ్యవధి ఇవ్వాలి. ఆ బాధ్యత అధ్యక్షుడిది. ఈ వాక్యం ఉండి తీరాలని సభలో అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు పొట్నూరు లక్ష్మున్నాయుడు. అప్పటికి ఆయన ఉత్త సభ్యుడు. తరవాత రెండేళ్ళకి ఆయనే అధ్యక్షుడయ్యాడు.

కార్తీకంలో పుట్టిన తుఫాను ఒకటి సూటిగా రేవుపట్నం మీదికి వస్తున్న రోజున ఆయన మధ్యాహ్నం ప్రయోగశాలకి ఫోను చేశాడు.

“తిప్పగలవా, అమ్మా రత్నం?”

“తిప్పగలనండి. ఇప్పుడు మొదలుపెడితే చీకటిపడే లోపల మళ్ళుతుంది.”

“ఎటు?”

నూకరత్నం పటం వైపు చూడలేదు. ఆ పటం ఆమెకి కంఠతా వచ్చు. “మొగలిదీవి వైపండి. ఇంకోవైపు తిప్పడానికి అక్కడ మనకి గొట్టాలు లేవు.”

రేవుపట్నంలో మూడు లక్షల మంది ఉన్నారు. మొగలిదీవిలో ఆరు వందల మంది. ఆ దీవి అంతా ఇసక, ఒక్క దీపస్తంభం ఉన్న మెట్ట తప్ప ఎక్కడా మనిషెత్తు మెరక లేదు.

“వాళ్ళకి నేను చెప్పిస్తాను. మీరు పని మొదలెట్టండి. నేను రేడియోలో ప్రకటించేదాకా మాత్రం ఈ మాట మీ గది దాటకూడదు. దాటిందంటే జనం బెదిరిపోయి పడవలెక్కేస్తారు. నడిసముద్రంలో దొరికిపోతారు.”

నూకరత్నం మీట నొక్కింది. తెర మీద ఎర్రగా ఉన్న సముద్రంలో ఒక మూల నీలం చుక్కలు లేచాయి, ఒకదాన్నొకటి తాకాయి, మెల్లగా చాపలా పరుచుకున్నాయి. గదిలో ఉన్న నలుగురూ తెర చుట్టూ చేరి చూస్తున్నారు. తుఫాను ముందుగా కాస్త తడబడింది. ఆ తడబాటు చూశాక ఇది జరిగి తీరుతుందని ఆమెకి అర్థమైంది.

ఆమె లేచి, పక్కనున్న సామాను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మొగలిదీవిలో ఆమె చెల్లెలు పైడమ్మ ఉంటుంది. మరిది తవిటయ్యది రేవులో ఐసు కొట్టు. కొట్లో ఫోను ఉంది.

“పైడీ, నేను, అప్పని. మంగని తీసుకుని ఇప్పుడే దీపస్తంభం మెట్టెక్కు. అన్నం మూట కట్టుకో.”

“ఏటప్పా? గాలి మీకే గదా కొడతాదంటన్నారు రేడియోలో.”

“మళ్ళింది. మీకే వస్తోంది. ఎవరికీ చెప్పకు, కాసేపట్లో అధ్యక్షుడే చెప్తారు. నువ్వు మాత్రం ఎక్కెయ్యి.”

ఆమె గదిలోకి తిరిగొచ్చి రేడియో దగ్గర కూర్చుంది. రేడియోలో పాటలు వచ్చాయి. రేవుపట్నం వాళ్ళు కిటికీలు బిగించుకోవాలని చెప్పారు. మళ్ళీ పాటలు వచ్చాయి. పొద్దు వాలింది. మొగలిదీవి పేరు ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడి ఆఫీసుకి ఆమె రెండుసార్లు ఫోను చేస్తే, ఆయన సమావేశంలో ఉన్నారన్నారు. చీకటి పడుతుండగా తుఫాను పూర్తిగా తిరిగింది.

మొగలిదీవిలో నలభై ఒక్కమంది చనిపోయారు. వాళ్ళలో తవిటయ్య ఒకడు.

*

ఇల్లు కొట్టుకుపోయిన పైడమ్మ నాలుగేళ్ళ కూతురు మంగని తీసుకుని రేవుపట్నంలో అక్క ఇంటికొచ్చింది. నూకరత్నానికి భర్తా పిల్లలూ లేరు. మూడు గదుల ఇంట్లో ఒకటి ఖాళీ చేసి ఇచ్చింది. ఆ వారమంతా వీధివాళ్ళు మిఠాయి పొట్లాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. మా ప్రాణాలు నిలబెట్టారమ్మా అని దణ్ణాలు పెట్టారు. పైడమ్మ ఆ పొట్లాలన్నీ అందుకుని, ఒక్కటీ విప్పకుండా వంటింటి గట్టు మీద వరసగా పేర్చింది.

ఒక పొద్దున చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

“నువ్వు సెప్పొద్దన్నావని నాను ఎవలికీ సెప్పనేదప్పా. మీ మరిదికి ఒక్కడికే సెప్పినాను. మనం ఎక్కీసి ఊరోళ్ళని కింద ఒగ్గీడానికి మనం మనుసులమేనా అన్నాడు. మంగని నా సంకనెట్టి ఊరి మొగాన పరిగెట్టినాడు. గడపగడపా కొట్టుకుంటా ఎల్లినాడు. సగం మంది నమ్మనేదు. రేడియోలో మీకే అంటన్నారు గదా మరి. నమ్మినోళ్ళు మెట్టెక్కినారు. నమ్మనోళ్ళ కోసం మళ్ళీ దిగెల్లినాడు.”

నూకరత్నం చేతిలో కాఫీ చల్లారిపోయింది.

“నాను మాత్రం ముందే ఎక్కీసి కూకున్నాను,” అంది పైడమ్మ. “మా ఊరోళ్ళేటనుకుంటన్నారో తెలుసా? తవిటయ్యకి గాలి వాసన తగిలిందంటన్నారు. అమ్మోరు ఆడి సెవిలో సెప్పిందంటన్నారు. సేపల వేలంపాక కాడ ఆడి పేరున రాయి పాతుతారంట. నాను కాదనగలనా? నా అప్ప ఫోను సేసింది, నన్నొక్కదాన్నే ఎక్కమంది అని సెప్పగలనా?”

మంగ వచ్చి ఒక చిక్కుడుకాయ నోట్లో పెట్టుకుంది. పైడమ్మ దాన్ని తీసి పారేసి, పిల్ల మూతి కొంగుతో తుడిచింది. ఆ తరవాత అక్కాచెల్లెళ్ళ మధ్య ఆ మాట చాలా రోజులు రాలేదు.

*

మొగలిదీవి నుంచి ప్రజాసభకి ఎన్నికైన సభ్యురాలు బెవర కాంతమ్మ. ప్లీడరు చదువు చదివింది, మనిషి సన్నం, గొంతు లావు. అధ్యక్షుడి మీద అభిశంసన నోటీసు ఇవ్వడానికి సభలో నాలుగో వంతు మంది సంతకాలు కావాలి. ఆమె మూడు రోజులు దీవిదీవికీ తిరిగి, ఆ సంతకాలు సంపాదించింది. నోటీసు ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. ఆ ఆగిన రోజుల్లోనే ఒకనాడు కొండెక్కి ప్రయోగశాలకి వచ్చింది.

“మీరు సాక్షి అవుతారు. ముందుగా తెలిసుంటే మంచిదని వచ్చాను,” అంది కుర్చీలో కూర్చుంటూ. “మా సభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే నేరం మోపినట్టు. విచారణ మాత్రం మాది కాదు, దీవులసభది. నేరం మోపినవాళ్ళే తీర్పు చెప్పకూడదు గదా. అక్కడ ప్రధాన న్యాయమూర్తి కూర్చుంటారు. అధ్యక్షుడు తనే రావచ్చు, వకీలుని పంపచ్చు. అక్కడ కూడా మూడింట రెండు వంతులు రుజువైందంటే, ఆ క్షణం నుంచి ఆయన అధ్యక్షుడు కాదు.”

“తరవాత?”

“తరవాతేముంది? ఇంటికి పోతాడు.”

“నలభై ఒక్కమందికి అంతేనా?”

“చావులకి వేరే కోర్టులున్నాయి. ఇది కుర్చీ సంగతి. ఆ కుర్చీలో కూర్చోడానికి తగునా, తగడా, అంతవరకే,” అని కాంతమ్మ కొంచెం ముందుకి వంగింది. “గాలిని తిప్పినందుకు నేను ఆయన్ని పట్టుకోలేదండి. మూడు లక్షల మంది మాట మా ఊళ్ళోనూ తెలుసు. చెప్పనందుకు పట్టుకున్నాను. వాళ్ళ వకీలు ఒకటే అంటాడు. చెప్పాలనే అనుకున్నారు, మధ్యాహ్నానికే లైను చచ్చిపోయింది అని. మా ఎక్స్ఛేంజి సముద్రంలో కలిసిపోయింది, అందులో కూర్చునే అమ్మాయీ పోయింది. లైను బతికుందని చెప్పేవాళ్ళు నాకు ఒక్కరూ లేరు. మీకేమైనా తెలుసా?”

నూకరత్నం కిటికీలోంచి చూసింది. సముద్రం ప్రశాంతంగా ఉంది.

“సభలో అడిగితే చెప్తాను,” అంది.

కాంతమ్మ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “మీ మరిది గుర్తొస్తుంటాడండి. నా ఎన్నికలకి ఐసు కొట్టు ముందు బల్ల వేసి కూర్చోబెట్టేవాడు,” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నూకరత్నం చెల్లెలితో సంగతి చెప్పింది. పైడమ్మ పిల్లకి తల దువ్వుతోంది. దువ్వెన ఆగింది.

“ఒద్దప్పా.”

“ఆ ఒక్క ఫోనే రుజువు, పైడీ. నేను చెప్పకపోతే లైను చచ్చిందన్నదే నిజమైపోతుంది.”

“అయితే అవనీ. నిజం సెప్తే సచ్చినోళ్ళు లేసొత్తారా? నువ్వు సెప్తే మా ఊళ్ళో నాకింక గడపుండదు. పేనం కాపాడుకుని ఊరిని ఒగ్గీసినదాన్నని ఉమ్మేత్తారు. మీ మరిది కూడా మామూలు మనిసైపోతాడు. అమ్మోరు సెప్పినోడు కాడు, పెళ్ళాం సెప్పినోడు.”

“మామూలు మనిషి కాబట్టే గదా గొప్పవాడు.”

“అది నీకు. నాకు కాదు,” అంది పైడమ్మ. పిల్ల జుట్టు గట్టిగా బిగించి అల్లేసరికి మంగ ఏడుపందుకుంది.

ప్రజాసభలో నేరం మోపడం జరిగిపోయింది. ఆ వారంలో రేవుపట్నం రెండుగా చీలింది. మమ్మల్ని బతికించినందుకు శిక్షా అని ఒక వీధిలో ఊరేగింపు తీస్తే, మొగలిదీవివాళ్ళు మనుషులు కారా అని ఇంకో వీధిలో అడిగారు. ఊరేగింపులో ముందు నడిచినవాళ్ళలో మిఠాయిలు పట్టుకొచ్చిన పక్కింటివాళ్ళున్నారు. నూకరత్నాన్ని సాక్షిగా పిలిచారని తెలిశాక వాళ్ళు ఆమెని చూసి పలకరించడం మానేశారు. ఇంకా ఆమె నోరు విప్పనే లేదు.

*

దీవులసభలో ముప్ఫై ఆరుగురు సభ్యులు. ఏ దీవి ఎంత పెద్దదైనా చిన్నదైనా ఐదుగురే, రాజధానికి మాత్రం ఒకరు ఎక్కువ. ఆ రోజు పైన చూసేవాళ్ళ వరండాలో ఇసక వేస్తే రాలనంత జనం. అధ్యక్షుడు తన వకీలు పక్కన తెల్లపంచె, బూడిదరంగు కోటుతో కూర్చున్నాడు. నెల రోజుల్లో మనిషి చిక్కిపోయాడు. నూకరత్నాన్ని చూసి అలవాటుగా చిన్నగా తల ఊపాడు. ఆ తల ఊపడమే ఆమెకి అన్నిటికంటే కష్టంగా అనిపించింది. గాలిపగ్గం పిచ్చిపని అని అందరూ నవ్విన రోజుల్లో, గొట్టాల తయారీకి ఒప్పించడానికి తనతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి ఆయన.

ప్రమాణం చేయించారు. కాంతమ్మ లేచింది. గొట్టాల గురించి రెండు ప్రశ్నలు, ఆ మధ్యాహ్నం అధ్యక్షుడి ఫోను గురించి రెండు ప్రశ్నలు. తరవాత అడిగింది.

“ఆ మధ్యాహ్నం తరవాత మొగలిదీవికి టెలిఫోను పనిచేసిందో లేదో మీకు తెలుసా?”

“తెలుసండి. పనిచేసింది.”

“మీకెలా తెలుసు?”

“నేను మాట్లాడాను. మొగలిదీవిలో మా చెల్లెలితో.”

వరండాలో గుసగుస పుట్టి పెద్దదైంది. న్యాయమూర్తి చెయ్యెత్తాడు. కాంతమ్మకి ఈ జవాబు తెలియదు. తన ఊరి చావుల రుజువు తవిటయ్య ఐసు కొట్లోంచే వచ్చిందని అర్థమయ్యే కొద్దీ ఆమె ముఖం మారింది. ఇంకేమీ అడక్కుండా కూర్చుంది.

అధ్యక్షుడి వకీలు ఆ సందు వదల్లేదు.

“మీ చెల్లెలికి ఏం చెప్పారు?”

“గాలి మళ్ళిందని, మెట్టెక్కమని.”

“ఊళ్ళోవాళ్ళకి చెప్పమన్నారా?”

“లేదండి. ఎవరికీ చెప్పొద్దన్నాను.”

“అంటే ఆరు వందల మందిలో మీకు కావలసిన ఇద్దరిని మాత్రం...”

“ముగ్గురిని,” అంది నూకరత్నం. “మా మరిదికి కూడా తెలిసింది. ఆయన ఆగలేదు. ఊళ్ళోకి వెళ్ళి అందరికీ చెప్పాడు. ఆయన చెప్పబట్టి మెట్టెక్కినవాళ్ళు అయిదొందల మందికి పైనే ఉన్నారు. ఆయన పోయాడు.”

“మీరు చెప్పొద్దంటే తప్పు లేదు గాని, మా అధ్యక్షులు చెప్పకపోతే నేరమా?” అన్నాడు వకీలు సభ వైపు తిరిగి. “ఒకే తప్పు ఇద్దరు చేస్తే ఒకరు బోనులో, ఒకరు సాక్షి కుర్చీలోనా?”

అప్పుడు లక్ష్మున్నాయుడు లేచి నిలబడ్డాడు. వకీలు ఆయన కోటు అంచు పట్టుకుని లాగాడు. ఆయన ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకున్నాడు.

“నేనే మాట్లాడతానండి. నాకా హక్కుంది,” అన్నాడు. న్యాయమూర్తి తల ఊపాడు.

“రత్నమ్మా, ఎందుకు చెప్పొద్దన్నావు మీ చెల్లితో?”

“మీరు చెప్పిన కారణమేనండి. జనం బెదిరి పడవలెక్కుతారని. మీరు ప్రకటిస్తారని ఎదురుచూశాను. రెండుసార్లు మీ ఆఫీసుకి ఫోను చేశాను.”

“నాకు తెలుసు. నా బల్ల ముందే ఉన్నాను.” ఆయన సభ వైపు తిరిగాడు. “మా వకీలుగారు లైను చచ్చిందన్నారు. నేను ఊరుకున్నాను. లైను బాగానే ఉంది. చదవడానికి రాసిన కాగితం కూడా నా చేతిలోనే ఉంది. పడవల భయం ఒక సాకు. అసలు సంగతి చెప్తాను. మొగలిదీవికి చెప్తే వాళ్ళు ఆపమంటారు. వాళ్ళ గొంతు వింటే నేను ఆపించేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే వాళ్ళ గొంతు నా చెవిన పడకుండా చూసుకున్నాను. వకీలుగారు ఇద్దరిదీ ఒకే తప్పన్నారు. కాదు. చెప్పమని రాజ్యాంగం ఆవిడకి రాయలేదు. నాకు రాసింది. అందులో ఆ వాక్యం పెట్టించినవాణ్ణి కూడా నేనే.”

ఆయన కూర్చున్నాడు. పంచె కుచ్చిళ్ళు సర్దుకున్నాడు. పెద్ద హాల్లో ఎవరో ఏడుస్తున్న చప్పుడు మాత్రం వినబడింది.

నూకరత్నం ఇంటికి వచ్చేసరికి ఖాళీ చేసి ఇచ్చిన గదిలో చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. పక్కింట్లో రేడియో పెట్టుకున్నారట, సాక్ష్యం అంతా వినబడిందట. పైడమ్మ పిల్లని ఎత్తుకుని మధ్యాహ్నం లాంచీకి మొగలిదీవికి వెళ్ళిపోయింది. వంటింటి గట్టు మీద మిఠాయి పొట్లాలకి చీమలు పట్టి ఉన్నాయి. నూకరత్నం వాటన్నిటినీ ఒక గోనెలో పోసి బయట పారబోసి, చాలాసేపు గట్టు కడుగుతూ నిలబడింది.

*

మర్నాడు ఓటింగు జరిగింది. న్యాయమూర్తి ఒక్కో పేరు చదివితే, ఒక్కో సభ్యుడూ లేచి రుజువైంది అనో రుజువు కాలేదు అనో చెప్పి కూర్చోవాలి. నేరం రుజువు కావడానికి ఇరవై నలుగురు కావాలి. రాజధాని సభ్యుడొకడు లేచి, మాట రాక నీళ్ళు తాగి, “నా పిల్లలు బతికున్నది ఆయన వల్లనే. రుజువైంది,” అని కూర్చున్నాడు. అది ఇరవై నాలుగో ఓటు. చదవవలసిన పేర్లు ఇంకా ఉన్నాయి గాని మిగతావి ఎవరూ సరిగా వినలేదు.

న్యాయమూర్తి తీర్పు చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు. చదవడం ముగిసేసరికి లక్ష్మున్నాయుడు అధ్యక్షుడు కాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు అలవాటు ప్రకారం సలాము చెయ్యబోయి, చెయ్యాలో వద్దో తేలక మధ్యలో ఆగిపోయాడు.

నూకరత్నం బయటికొచ్చేసరికి ఆయన వసారాలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ప్రభుత్వ కారు ఇక తనది కాదు గనక అల్లుడి స్కూటరు కోసం చూస్తున్నాడట.

“నీ మీద కేసేమైనా పెడతారా?” అని అడిగాడు.

“ఏ సెక్షను కిందా రాదంటున్నారండి.”

“అయితే నాకే నయం,” అన్నాడాయన. “నాకు ఎవరో ఒకరు తీర్పు చెప్పేశారు.”

స్కూటరు వచ్చింది. ఆయన పంచె ఎగగట్టుకుని, అల్లుడి భుజం పట్టుకుని వెనక ఎక్కాడు. రోడ్డు మీది జనంలో కొందరు దణ్ణం పెట్టారు, కొందరు మొహం తిప్పుకున్నారు. ఆయన రెండు రకాల వాళ్ళనీ చూడలేదు.

రెండు రోజులు నూకరత్నం ప్రయోగశాలకి వెళ్ళి ఏ పనీ చెయ్యకుండా కూర్చుంది. మూడోనాడు లాంచీ ఎక్కి మొగలిదీవిలో దిగింది.

రేవులో మనుషులు కూలిన వేలంపాకకి కొత్త వాసాలు ఎత్తుతున్నారు. ఆమెని గుర్తుపట్టగానే సుత్తుల చప్పుడు ఆగింది. పని మానేసి ఒక్కొక్కరే వచ్చి పాక అరుగు చుట్టూ ఇసకలో కూర్చున్నారు. ఎవరూ తిట్టలేదు. పైడమ్మ వాళ్ళలోనే ఉంది, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, కాళ్ళు చాపుకుని. అక్క వైపు చూడలేదు. వాళ్ళు చెల్లెల్ని వెళ్ళగొట్టలేదని అర్థమయ్యాక నూకరత్నం అరుగు దగ్గరికి నడిచింది.

తను చేసింది అంతా మొదటి నుంచి చెప్పింది. సభలో చెప్పిన మాటలే గాని, ఇక్కడ చెప్పడానికి ఎక్కువసేపు పట్టింది. ఆమె ఆగాక అసిరమ్మ అనే ముసలామె పొగాకు చుట్ట పక్కన పెట్టింది. ఆ తుఫానులో ఆమె మనవలిద్దరూ పోయారు.

“ఆ అద్దెచ్చుణ్ణి కుర్చీలోంచి దించీసినారు. బాగుంది. నీకు దించీడానికి కుర్చీ నేదు. నిన్నేటి సెయ్యమంటావమ్మా?”

దారి పొడుగునా నూకరత్నం తిట్లకి సిద్ధపడింది, రాళ్ళకి సిద్ధపడింది, ఈ ప్రశ్నకి కాదు.

“ఆ మీట ఎక్కడుంది?” అంది అసిరమ్మ.

“పెద్దదీవిలో, కొండమీద.”

“ఎత్తుగా ఉంటాదా కొండ?”

“ఉంటుంది.”

“గాలొస్తే నీకు తడి కూడా అంటదన్నమాట. దాన్ని పట్టుకొచ్చి ఇక్కడెట్టొచ్చా?”

జవాబు చెప్పేలోపు నూకరత్నం బుర్ర అలవాటు కొద్దీ లెక్కల్లో పడింది. పెద్ద ఏరియలు కావాలి. బాటరీలు కావాలి. గొట్టాలకి ఇక్కడినుంచి సంకేతం అందుతుంది, ఇంకా దగ్గరే.

“పెట్టొచ్చు,” అంది.

“అయితే ఇక్కడెట్టు. నువ్వూ ఇక్కడే ఉండు. ఈపాలి గాలొచ్చినపుడు దాన్ని ఎటు తిప్పాలో మా మజ్జిలో, ఈ ఇసకలో కూకుని తిప్పు.”

“నా ఒక్కదాని ఇష్టం కాదమ్మా. ప్రజాసభ ఒప్పుకోవాలి.”

“కాంతమ్మ ఉంది గదా, ఒప్పిత్తాది. ఒప్పుకోనన్నారనుకో, మీట అక్కడే ఉంటాది. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు.”

ఒకతను లేచి ఇసక దులుపుకుని, దీపస్తంభం పక్కన కాస్త చోటుంది, మెరక కూడా, అక్కడ గది కడితే సామానుకి తడి తగలదు అన్నాడు. కొందరు తలలూపారు. నూకరత్నం కూడా అదే మంచిదనుకుంది.

“మెట్ట మీదొద్దు,” అంది పైడమ్మ.

దిగినప్పటినుంచి ఆమె మాట్లాడటం అదే మొదలు. అందరూ అటు తిరిగారు. పైడమ్మ లేచి నిలబడి, కొట్టుకుపోయిన తన ఇంటి పునాది ఉన్న వైపు చెయ్యి చూపించింది. అక్కడ నాలుగు కొత్త గుంజలు పాతి ఉన్నాయి, కప్పు ఇంకా వెయ్యలేదు.

“మా ఇంటికెదురుగా కట్టమనండి. నాను తలుపు తీత్తే ఈవిడ నాకు అగుపడాల.”

అని, అక్క జవాబు కోసం ఆగకుండా, వాసాలు ఎత్తుతున్న వాళ్ళకి నీళ్ళు పట్టుకెళ్ళడానికి బిందె ఎత్తుకుంది.